రెండు వందల ఎంబీల గోడౌను

రామకోటయ్య సంచీలోంచి ఆరు లాంగు బుక్కులను ఒక్కొక్కటిగా తీసి శ్రీవాసవి బల్ల మీద పేర్చాడు. అన్నిటికీ మందుల కంపెనీ క్యాలెండర్ కాగితాలతో అట్టలు వేసి ఉన్నాయి. పేర్చడం అయ్యాక అంచులు సమంగా వచ్చేట్టు రెండు అరచేతులతో తట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుని, అప్పుడు అడిగాడు.

"ఇవన్నీ కలిపి ఎన్ని ఎంబీలు అయితాయి పాపా?"

శ్రీవాసవి ఆయన చెల్లెలి కూతురు. ఎంసీఏ చదివి, కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో ఒక మేడ మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. టైపింగూ టాలీ నేర్పుతూ, అడిగినవాళ్లకు వెబ్‌సైట్లు కూడా చేసి ఇస్తోంది. మేనమామ ప్రశ్నకు నవ్వు ముంచుకొచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేసింది.

"బుక్కులు చూసి చెప్పేది కాదు మామా. టైపు చేసినాక తెలుస్తాది."

"సరుకు కండ్ల ముందర పెట్టినా అంచనా కట్టలేవా?"

"లేను మామా."

ఇదేం వ్యాపారమో రామకోటయ్యకు అర్థం కాలేదు. బస్తా చూసి తూకం చెప్పగల వంశం ఆయనది. పెద్దాసుపత్రి గేటుకు ఎదురుగా ఆయనకు మెడికల్ షాపు ఉంది. ఈ బుక్కుల్లో ఉన్నవి మాత్రం మందుల పద్దులు కావు, రక్తం ఇచ్చేవాళ్ల పేర్లు. పద్నాలుగేళ్లలో పదకొండు వందల నలభై పేర్లు చేరాయి. ఆసుపత్రిలోంచి ఎవరైనా చీటీ పట్టుకుని బిత్తరచూపులు చూస్తూ గేటు దాటితే చాలు, ఆయన కౌంటర్ పలక ఎత్తి లోపలికి పిలిచేవాడు. గ్రూపు అడిగి, బుక్కు తీసి, వేలు పెట్టుకుంటూ కిందికి దిగి, ఒక పేరు దగ్గర ఆగి ఫోను తిప్పేవాడు. ఇందుకు ఎవరి దగ్గరా పైసా తీసుకున్నవాడు కాదు.

కానీ పోయిన నెల ఆయన భార్యతో కలిసి ఎవరిదో పెళ్లికని బనగానపల్లె పోయిన రోజు, బద్వేలు మనిషి ఒకడు మూసిన షట్టర్ ముందు సాయంత్రం దాకా కూర్చుని పోయాడని తెలిసింది. ఆ మనిషికి తర్వాత రక్తం దొరికిందో లేదో ఎవరికీ తెలియదు. అప్పటినుంచి రామకోటయ్యకు అన్నం సహించడం లేదు. షాపు మూసినా బుక్కు తెరిచి ఉండే ఉపాయం ఏదైనా ఉందా అని అడిగితే శ్రీవాసవే వెబ్‌సైటు మాట చెప్పింది. చెప్పినందుకు ఇప్పుడు ఈ ఆరు బుక్కులూ ఆమె నెత్తికి వచ్చాయి.

ఆమె డ్రాయరులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. అందులో మూడు నిలువు గళ్లు ఉన్నాయి. సిల్వర్, గోల్డ్, ప్లాటినం. సిల్వర్‌కు పది ఎంబీల చోటు, ఏడాదికి ఆరు వందలు. గోల్డ్‌కు యాభై ఎంబీలు, పదిహేను వందలు. ప్లాటినంకు రెండు వందల ఎంబీలు, మూడు వేల ఆరు వందలు.

"వెబ్‌సైటు పెట్టుకునేదానికి చోటు బాడుగకు తీసుకోవల్ల మామా. దీన్నే హోస్టింగ్ అంటారు. ఈ మూడిట్లో ఏది కావాల్నో చూసుకో. నన్నడిగితే సిల్వర్ చాలు."

"చోటు యాడుంటాది?"

"అమెరికాలో."

రామకోటయ్య కాగితం తిప్పి వెనక వైపు కూడా చూశాడు. "కర్నూల్లో గోడౌన్లు లేవా?" అన్నాడు చివరికి.

ఆ కాగితాన్ని ఆయన రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు. బేరం లేనప్పుడు తీసి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చదివేవాడు. చోటంటే ఏమిటో కొంత తెలిసింది. 'డేటా ట్రాన్స్‌ఫర్ నెలకు రెండు జీబీ' అన్న వరుస దగ్గర మాత్రం బండి ఆగిపోయేది. చోటుకు బాడుగ కట్టినాక మళ్లీ ఈ ట్రాన్స్‌ఫర్ లెక్కేమిటి? లోపల పెట్టిన సరుకు చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ తలా ఇంతని కోత పడుతుందా? అసలు 'షేర్డ్' అని ఎందుకు రాశారు? అంటే ఒకే గదిలో ఇంకెవరో కూడా ఉంటారన్నమాట. వాళ్లు ఎవరు, ఏ వ్యాపారం, మనుషులెట్లాంటివాళ్లు? ఫోన్ చేసి అడిగితే శ్రీవాసవి "అది నాకూ తెల్దు మామా" అంది. పక్క షాపువాడెవడో తెలియకుండా అడ్వాన్సు ఇచ్చే శెట్టి రాయలసీమలో ఇంతవరకూ పుట్టలేదు.

"ఏందది, పెళ్లిచూపుల ఫోటో మాదిరి తీసి తీసి చూస్తాండావు?" అంది భార్య అనసూయమ్మ, మాత్రల స్ట్రిప్పులు కత్తిరిస్తూ. షాపులో సగం పని ఆమెదే.

"ఏది తీసుకోవల్లో తెలీక చస్తాండా. చిన్నది తీసుకుంటే పట్టకపోతే?"

"వాసవి ఏమంటాది?"

"చిన్నదే చాలంటాది. దానికేం తెలుసు, నిన్న మొన్నటి పిల్ల. పద్నాలుగేళ్లు రాస్తి. ఆరు బుక్కులు. సగం బుక్కు కూడా లేని పని ఐతే చిన్నది చాలుతాది."

అనసూయమ్మ కత్తెర ఆపి ఆయన వైపు చూసింది. ఏదో అనబోయి, జ్వరం మాత్రలు అడుగుతూ మనిషి రావడంతో అటు తిరిగింది. ఆ సాయంత్రమే రామకోటయ్య ఫోన్ చేసి ప్లాటినం అని చెప్పేశాడు. చెప్పినాక గుండె నిబ్బరంగా అనిపించింది. అర్థం కాని చోట పెద్దది కొంటే తప్పు జరగదని ఆయన నమ్మకం.

గురువారం టైపింగ్ అయిపోయింది. రామకోటయ్య మేడ మెట్లు ఎక్కి వచ్చి, మోకాళ్లు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. శ్రీవాసవి ఆయనకు స్టూలు వేసి తెర మీద పేర్లు చూపించింది. పేరు, గ్రూపు, ఊరు, ఫోను అని నాలుగు గళ్లు. తెలుగు అక్షరాలు చాలా కంప్యూటర్లలో డబ్బాలుగా కనిపిస్తాయి కాబట్టి అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి.

"మొత్తం తొంభై రెండు కేబీలు మామా."

"కేబీ అంటే? ఎంబీ కంటే పెద్దదా?"

"చిన్నది. వెయ్యి కేబీలైతే ఒక ఎంబీ."

రామకోటయ్య మనసులో లెక్క వేశాడు. తప్పు వచ్చిందనుకుని మళ్లీ వేశాడు. లెక్కల్లో ఆయన ఎప్పుడూ తప్పడు.

"అంటే ఒక్క ఎంబీలో పదో వంతు కూడా రాలేదా?"

"అక్షరాలు ఎక్కువ చోటు తీసుకోవు మామా. నువ్వు ఇచ్చిన ఫోటో ఉండాది చూడు, శాలువా కప్పుకోని ఉండేది, అదొక్కటే మూడు వందల కేబీలు." తమాషాగా అన్నట్టే అంది ఆమె. "పదకొండు వందల మంది కంటే నువ్వొక్కడే బరువు."

ఆయన నవ్వలేదు. బల్ల మీద బుక్కులు ఎట్లా పేర్చాడో అట్లాగే ఉన్నాయి. పైనున్న బుక్కు అంచును బొటనవేలితో సవరిస్తూ ఉండిపోయాడు. వానల్లో నానుతూ మనుషులు వచ్చి చెప్పిన పేర్లు, ఫోను లేని రోజుల్లో సైకిలు తొక్కుకుంటూ పోయి రాసుకొచ్చిన పేర్లు ఇవన్నీ. రక్తం ఇచ్చి పోతూ పోతూ 'ఇంకోసారి కావాలన్నా పిలువప్పా' అని చెప్పినవాళ్లున్నారు అందులో. అదంతా కలిపితే తన శాలువాలో మూడో వంతు. 

"ప్లాటినం ఇంకా ఖాయం చేయలేదు మామా. సిల్వర్‌కు మారుస్తా. మూడు వేలు మిగుల్తాయి," అంది శ్రీవాసవి.

"మార్చొద్దు."

"మామా..."

"మార్చొద్దంటి గదా! ఈ రిమార్కులు యాడ?" వేలు తెర మీదికి పోయింది. "బుక్కులో ఐదో గడి ఉండాది. అది యాడ పాయె?"

"అవి నీ గుర్తు కోసం రాసుకున్నవి గదా, అక్కర్లేదని వదిలేస్తిమి."

"అక్కర్లేదా! అవే గదా అసలు సరుకు. ఊరికే పేరూ నంబరూ టెలిఫోన్ డైరెక్టరీలోనూ ఉంటాయి. ఎవరిని ఎప్పుడు పిలవల్ల, ఎట్ల పిలవల్ల, ఇంటికి చేయల్లనా, పనికాడికి చేయల్లనా, పద్నాలుగేళ్లు కనుక్కోని రాస్తి. పెట్టు. అడ్రసులు పెట్టు, రెండో నంబర్లు పెట్టు, అన్నీ పెట్టు. ఖాళీగా పెట్టుకునేదానికా బాడుగ కట్టేది?"

"అందరూ చూస్తారు మామా."

"చూడల్లనే గదా పెట్టేది!"

ఇద్దరూ ఒకే మాట అన్నారు గానీ ఇద్దరి మనసులో ఉన్నది ఒకటి కాదు. రామకోటయ్య దృష్టిలో వెబ్‌సైటంటే తన కౌంటరే. చీటీ పట్టుకుని ఒకడు వస్తాడు, గ్రూపు చెప్తాడు, వేలు ఒక పేరు దగ్గర ఆగుతుంది, ఆ ఒక్క వరుస చదువుతారు, బుక్కు మూసేస్తారు. బుక్కంతా విప్పి బజారులో గోడకు అంటించినట్టుంటుందని ఆయనకు తట్టనే లేదు. శ్రీవాసవికి తట్టింది. కానీ మేనమామ మొహం ఎర్రబడి ఉంది, టైపింగ్ నేర్చుకునేవాళ్లు వింటున్నారు. ఇంకోమాట అనలేక తల ఊపింది.

టైపింగ్ పిల్లలందరినీ కూర్చోబెట్టి అన్నీ చేర్పించినా మొత్తం నాలుగు వందల కేబీలు దాటలేదు. ఆ సంగతి ఆమె ఆయనకు చెప్పలేదు.

డబ్బు కట్టకముందు చూసుకోమని కంపెనీవాళ్లు నాలుగు రోజులు ఊరికే ఇచ్చిన చోటులో శుక్రవారం సాయంత్రం సైటు తెరిచారు. మోడెం గురగురలాడింది. ముందు శాలువా ఫోటో నుదుటి దగ్గర మొదలై, కనుబొమలు, ముక్కు, మీసం, ఒక్కో గీతగా కిందికి దిగింది. మెడ దాకా రావడానికి రెండు నిమిషాలు పట్టింది. రామకోటయ్య చేతులు కట్టుకుని నిలబడే చూశాడు. ఆ తర్వాత పేర్లు వచ్చాయి.

"ఇప్పుడు ఇది ఈడుండాదా, అమెరికాలో ఉండాదా?"

"ఆడుండాది. ఈడ కనిపిస్తాంది."

"కడపలో చూసేవాడికి?"

"వాడికీ ఆడిదే కనిపిస్తాది."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు, కానీ సంతోషమైంది. పోతూ పోతూ పిల్లలందరికీ మైసూర్‌పాకు పంచాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు షాపులో ఫోను మోగింది. నాగజ్యోతి. కల్లూరులో ప్రైవేటు స్కూలు టీచరు. ఓ నెగటివ్ గ్రూపు. బుక్కుల్లో ఓ నెగటివ్ వాళ్లు పదకొండు మందే ఉన్నారు. వాళ్లలో పిలిచిన అరగంటలో వచ్చేది ఈమె ఒక్కతే.

"అన్నా, మా అత్త గురించి కంప్యూటర్లో ఏం రాసినారు?"

 రూపాయి ఫోను బూత్ నుంచి మాట్లాడుతోందని వెనక బస్సుల హారన్లను బట్టి తెలుస్తోంది.

"మీ అత్త గురించా? నేనేం రాస్తానమ్మా?"

"ఎవరో కడప నుంచి, నెట్టు సెంటర్లో చూసినారంట, ఇంటికి ఫోన్ చేసినారు. ఓ నెగటివ్ కావాలని. మా అత్త ఎత్తింది. మా కోడలు రక్తమిచ్చేదేంది, అట్లాంటిదేమీ లేదు పెట్టెయ్యప్పా అనింది. ఆయన ఆత్రంలో ఉండాడు. ఈడ రాసుండాదమ్మా, పేరుండాది, ఇంటి నంబరుండాది, పక్కన ఇట్ల కూడా రాసుండాది అని మొత్తం చదివినాడంట."

"ఏమని?"

అడుగుతూనే రామకోటయ్య రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఐదో బుక్కు లాగాడు. వేలు వరుసలు దిగింది. తన చేతిరాతే, నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. 'ఇంటికి ఫోను చేయరాదు. అత్తకు తెలియకూడదు. స్కూలుకే చేయాలి.'

వేలు అక్కడే ఆగిపోయింది. ఏం చేశాడో ఆయనకు అప్పుడు తెలిసింది.

"అమ్మా," అన్నాడు. 

"పొద్దున ఈ సంగతి చెప్పినాక ఆమె నాతో మాట్లాడలా. ఎదురుగా కూసోని నన్నే చూస్తాంది," అంది నాగజ్యోతి. రూపాయి అయిపోయి లైను తెగింది.

ఆ కడప మనిషికి ఆసుపత్రి బ్యాంకులోనే రక్తం దొరికిందని తర్వాత కనుక్కుంటే తెలిసింది. అదొక్కటే ఆ రోజు జరిగిన మంచి. అనసూయమ్మను షాపులో పెట్టి రామకోటయ్య చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే ఆటో ఎక్కాడు. శ్రీవాసవి ఇంట్లో తల ఆరబెట్టుకుంటోంది. ఆమెను తడి జుట్టుతోనే ఇన్‌స్టిట్యూట్‌కు లాక్కుపోయాడు.

"తీసెయ్. అంతా తీసెయ్."

తీసేసింది. అయినా ఆయన కదల్లేదు.

"ఇంక ఎవరికీ కనపడదు గదా?"

శ్రీవాసవి తల వంచుకుంది. "వెతికే సైట్లు ముందే ఒక కాపీ తీసిపెట్టుకొని ఉంటాయి మామా. కొన్నాళ్లు కనిపిస్తాది."

"మనం తీసేస్తే ఇంకోడి దగ్గర ఎట్లుంటాది? వాడికెవడిచ్చినాడు?"

"మనమే."

రామకోటయ్య స్టూలు మీద కూలబడ్డాడు. ఎందుకింత గందరగోళమైన లోకంలోకి దిగాడో ఆయనకు తెలియలేదు. తాళం వేసినా సరుకు బయటే ఉంటుందట. తొంభై రెండు కేబీల్లో ఆగి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదని, ఎంబీలు నింపాలన్న యావే ఇంతపని చేయించిందని మాత్రం శుభ్రంగా తెలిసింది. శ్రీవాసవి ఆయన్ను ఏమీ అనలేదు. అని ఉంటే కొంచెం తేలికయ్యేది.

సోమవారం పొద్దున కల్లూరు పోయి ఆ ఇంటి గడపలోనే క్షమించమని అడుగుదామని బట్టలు మార్చుకున్నాడు. షట్టర్ పూర్తిగా ఎత్తకముందే వాళ్లే వచ్చారు. ముందు ఈరక్క. నాగజ్యోతి అత్త ఈమేనని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ముతక నేత చీర, పెద్ద బొట్టు, ఎండకు రాటుదేలిన చేతులు. వెనక నాగజ్యోతి, స్కూలు బ్యాగు భుజానికి వేసుకుని. ఈరక్క బెంచీ మీద కూర్చుని కాళ్లు బారజాపింది.

"ఏం శెట్టీ, నువ్వేనా రక్తం పుస్తకం రాసేది?"

"నేనేనక్కా. నాది తప్పే. నేనే మీ ఇంటికి బయలుదేరి..."

"నా మొగం ఎప్పుడన్నా సూసినావా?"

"లేదక్కా."

"నాతో మాట్లాడినావా?"

"లేదు."

"మల్ల నేను ఎట్లాంటిదాన్నో నీకెట్ల తెలిసె?" గొంతు పెంచలేదు ఆమె. అందుకే ఎక్కువ తగిలింది. "ఇది పోయి రక్తమిచ్చి వస్తాంటే నేను అడ్డం పడేదాన్నని నువ్వెట్ల రాస్తివి? నా కోడలేమో నాకు సెప్పల్యా. సెప్పింటే ఇంకో సంకటి ముద్ద పెట్టి పంపేదాన్నో, యీపు పగలగొట్టేదాన్నో, నాకే తెల్దు. నీకు తెల్సె. ఎవడో కడపోడు, ముక్కూ మొగం తెలీనోడు, నా సంగతి నాకే సదివి సెప్పె."

అనసూయమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఈరక్క తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఆ మాట కొట్టెయ్. కొట్టేసి, అత్తే పంపిస్తాదని రాయి. ఎంత పొద్దుకైనా ఇంటికే ఫోన్ సెయ్. నేనే ఎత్తుతా."

రామకోటయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువుగా తప్పించుకుంటానని ఆయన అనుకోలేదు. గబగబా ఐదో బుక్కు తెరిచి, పెన్ను మూత తీసి, పాత వరుసను అడ్డంగా కొట్టేశాడు. కొత్తది రాయబోతూ, ఎందుకో తలెత్తి నాగజ్యోతిని చూశాడు. ఆమె బ్యాగు పట్టీ పట్టుకుని, కొట్టేసిన ఆ వరుసనే చూస్తోంది.

"ఏం రాయమంటావమ్మా?" అని అడిగాడు. పద్నాలుగేళ్లలో ఆ మాట ఆయన ఎవరినీ అడగలేదు.

"ఏమీ రాయొద్దన్నా."

"పేరు కూడా తీసెయ్యమంటావా?"

"పేరుండనీ. గ్రూపుండనీ. స్కూలు నంబరుండనీ. పక్కన మాత్రం ఏమీ వద్దు. అత్తకు తెలియకూడదనీ వద్దు, అత్తే పంపిస్తాదనీ వద్దు."

"ఏమే?" అంది ఈరక్క తిరిగి.

"ఇచ్చేది నేను గదత్తా."

ఈరక్క కోడలి వైపు చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాడు రామకోటయ్య. ఆమె "ఎన్నిసార్లిచ్చినావే?" అని అడిగింది.

"ఏడు."

"ఏడా!" వేళ్ల మీద ఏవో రోజులు లెక్కపెట్టుకుంటూ ఈరక్క లేచింది. ఏ రోజు కోడలు నీరసంగా కనపడిందో గుర్తు చేసుకుంటోంది కాబోలు. లెక్క తేలలేదు. "బడికి టైమాయె, పా," అంది. ఇద్దరూ రోడ్డు దాటారు.

కాసేపటికి శ్రీవాసవి ఫోన్ చేసింది. కంపెనీవాళ్లకు ఈరోజు ఖాయంగా చెప్పాలట, ఏ ప్లాను అని.

"చిన్నది. ఒకే పేజీ. రక్తం కావాలంటే ఈ నంబర్లకు చేయండి అని షాపు నంబరూ నా సెల్లు నంబరూ. నా ఫోటో వద్దు."

"అంత చిన్న దానికి పది ఎంబీలు కూడా ఎక్కువే మామా. అంతా ఖాళీగా ఉంటాది."

"ఉండనీ."

ఫోను పెట్టేసి రామకోటయ్య మొదటి బుక్కు దగ్గరికి లాక్కున్నాడు. ఐదో గడిలో పదకొండు వందల పైచిలుకు మాటలున్నాయి. ఒక్కటీ ఎవరికీ చదివి వినిపించి రాసింది కాదు. రెండు రోజులపాటు ఆ మాటలన్నీ లోకానికి కనిపించాయి. మొదటి పేజీలో మొదటి పేరు ఓర్వకల్లు నరసింహ, రాళ్ల పని, బీ పాజిటివ్. పక్కన ఈమధ్యే చేర్చిన సెల్లు నంబరు తిప్పాడు.

"నేనప్పా, రామకోటయ్యను."

"చెప్పన్నా, ఏ వార్డు? బస్టాండు కాడే ఉండా, వస్తాండా." అటువైపు అప్పటికే నడుస్తున్న చప్పుడు.

"వద్దప్పా, ఎవరికీ వద్దు. నిన్నొక మాట అడగల్ల."  దాచి ప్రయోజనం లేదు. "బుక్కులో నీ పేరు పక్కన ఒకటి రాసుకుంటి. తాగుతాడు, పొద్దున్నే అయితేనే పిలవాలి, అని. అది రెండు రోజులు అందరికీ కనిపించింది. నా తప్పే."

నడక చప్పుడు ఆగిపోయింది. 

"మానేసి తొమ్మిదేండ్లాయెనన్నా," అన్నాడు నరసింహ. "ఎప్పుడూ పొద్దున్నే ఎందుకు పిలుస్తాండావో అనుకుంటి."